షెడ్డులో గంట పని ఇంట్లో రోజంతా ఎందుకు పడుతుంది?

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. మీది 2014 నాటి చిన్న పెట్రోలు కారు. గత ఆదివారం ఉదయం 7 గంటలకు వాకిట్లో పని మొదలుపెట్టి, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అన్నీ భోజనాల వేళకు మార్చేయవచ్చని అనుకున్నారు. ఆయిల్ దింపేశారు. ఫిల్టరు ఎంత తిప్పినా రాకపోవడంతో, ఎవరో చెప్పిన చిట్కా ప్రకారం దాని పొట్టలో స్క్రూడ్రైవరు దిగగొట్టి తిప్పితే డబ్బా చిరిగిందే తప్ప కదలలేదు. ఆ కోపంతోనే బ్రేకుల దగ్గరికి వెళ్తే, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ కింది బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. చీకటి పడేసరికి కారు జాకీ మీద, మీరు అరుగు మీద. ఇంట్లోవాళ్లు నవ్వారు. మెకానిక్ షెడ్డులో కుర్రాడు గంటలో చేసే పని మీకు రోజంతా పట్టి కూడా ఎందుకు కాలేదని, ఇక ఈ పని మానుకోవాలా అని మీరు అడిగారు.

మానుకోనవసరం లేదు. అయితే ఆ ఎందుకు అన్నదాని సంగతి తరువాత చూద్దాం. కారు ప్రస్తుతం ఉన్న స్థితిని ముందు చక్కదిద్దాలి. అది ఇంకా జాకీ మీదే ఉంటే ఈ పూటే దాన్ని స్టాండు మీదికి దింపండి, లేదా విప్పిన చక్రం తిరిగి బిగించి నేల మీదికి దింపండి. జాకీ బండిని ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. రాత్రంతా దాని మీద నిలిచిన బండి కిందికి తెల్లారి ఎవరో ఒక పిల్లవాడు బంతి కోసం దూరతాడు. ఇటుకలు పేర్చడం కూడా వద్దు, ఎందుకంటే ఇటుక వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. తాళంచెవి ఇంట్లో దాచి, స్టీరింగుకు ఒక గుడ్డ కట్టి, ఇంజన్‌లో ఆయిల్ లేదన్న సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. ఆయిల్ లేని ఇంజన్‌ను ఎవరైనా అలవాటుగా స్టార్టు చేస్తే, మీ ఆదివారం ఖర్చు పది రెట్లు కాదు, వంద రెట్లు అవుతుంది.

చిరిగిన ఫిల్టరు విషయానికి వస్తే, డబ్బా గోడ ఎంత చిరిగినా ఇంజన్‌కు మరతో పట్టుకుని ఉన్న అడుగు పళ్లెం మాత్రం మందపాటి ఉక్కుతో చేసినదే కాబట్టి గట్టిగానే ఉంటుంది. చిరిగిన రేకును కత్తెరతోనో ప్లయరుతోనో తొలగించి, ఆ పళ్లెం అంచుకు మొద్దు ఉలిని వాలుగా ఆనించి, అపసవ్య దిశలో చిన్న చిన్న దెబ్బలు వేయండి. ఒకే చోట కాకుండా చుట్టూ మూడు నాలుగు చోట్ల కొడుతూ పోతే అది కదులుతుంది. ఉలి మొన ఇంజన్ వైపు ఉన్న నున్నని ముఖానికి మాత్రం తగలకూడదు, కొత్త ఫిల్టరు రబ్బరు వలయం ఆనేది అక్కడే. పళ్లెం వచ్చేశాక ఆ ముఖాన్ని గుడ్డతో తుడిచి, పాత రబ్బరు వలయం అక్కడే అంటుకుపోయి ఉందేమో వేలితో తడిమి చూడండి. పాత వలయం మీద కొత్త వలయం పడితే ఇంజన్ తిరిగిన కొద్ది నిమిషాలకే ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముతుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ తప్పు చేస్తారు.

అరిగిన బోల్టుకు తొందర లేదు. దాని మీద, దాని మెడ దగ్గర, బిగుసుకుపోయిన మరలోకి చొరబడే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు, బోల్టు తలకు పట్టీపట్టనట్టుండే ఆరు మూలల సాకెట్టును సుత్తితో దిగగొట్టి తిప్పి చూడండి. అది కూడా జారితే అరిగిన తలల కోసమే లోపల మెలికల పళ్లతో చేసిన సాకెట్లు దొరుకుతాయి. బోల్టుతో పాటు లోపలి జారుడు పిన్ను కూడా తిరుగుతుంటే సన్నని ఫ్లాట్ పానాతో పిన్నును పట్టుకోవాలి. రెండు ప్రయత్నాల్లో రాకపోతే ఆపండి. పాత ప్యాడ్లలో ఇంకా మందం ఉంటే చక్రం బిగించి, ఫిల్టరు పని పూర్తయ్యాక మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకు తీసుకువెళ్లి ఆ ఒక్క బోల్టు విప్పించుకోవడం ఓటమి కాదు. అది వాళ్లకు పది నిమిషాల పని.

ఇక అసలు ప్రశ్న. నేను బరంపురంలో ఉంటాను. పదకొండేళ్లు వర్క్‌షాపులో పని చేసి, ఆ తరువాత ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు నేర్పాను. రెండేళ్ల ఆ కోర్సులో మొదటి నెలలోనే పిల్లలకు ఒక చిన్న పరీక్ష పెట్టేవాణ్ణి. వైసులో బిగించిన అల్యూమినియం దిమ్మలోకి ఒక బోల్టును, తమ లెక్కలో సరిపోయేంత వరకు, మామూలు రింగు పానాతో బిగించమనేవాణ్ణి. పక్కన నిలబడ్డ స్నేహితులు ఒడియాలో "ఆఉ టికే, ఆఉ టికే" అని ఉత్సాహపరిచేవారు, అంటే ఇంకొంచెం, ఇంకొంచెం అని. తరువాత బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచితో కొలిస్తే, కావలసిన దానికి రెట్టింపు బిగించినవాళ్లే ఎక్కువమంది. ఒకరిద్దరు మరే ఊడగొట్టేవారు. తక్కువ బిగించినవాళ్లు అరుదు. మనిషి చేతికి వదులంటే భయం, బిగువంటే భరోసా.

ఆ "ఆఉ టికే" ఖరీదును అంకెల్లో చూడండి. చిన్న కార్లలో ఆయిల్ దింపే బోల్టుకు సాధారణంగా 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర 15 నుంచి 20 కిలోల బరువు వేసినంత. అదే షెడ్డులో పానాకు పైపు తొడిగి దాన్ని 60 సెంటీమీటర్లు చేసి, 35 కిలోల ఒత్తిడి పెడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది, అంటే అవసరమైన దానికి ఐదారు రెట్లు. చక్రాల నట్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు చాలిన చోట, గాలితో తిరిగే అర అంగుళం గన్ను సునాయాసంగా నాలుగైదు వందలు ఇస్తుంది. పంక్చరు అయిన రోజు కారుతో వచ్చిన పొట్టి పానా మీద మనిషి ఎక్కి నిలబడినా నట్టు కదలకపోవడానికి కారణం మన బలహీనత కాదు. 30 సెంటీమీటర్ల పానా మీద 70 కిలోల మనిషి నిలబడితే వచ్చేది 200 చిల్లర మాత్రమే.

కాబట్టి మీరు ఆ ఆదివారం చేసినది కారు సర్వీసు అని నేను అనను. గత పదేళ్లలో ఆ కారును ముట్టిన ప్రతి చేతి బిగింపునూ మీరు ఒక్క రోజులో విప్పబోయారు. ఆయిల్ ఫిల్టరుకు పానా అక్కరలేదు. రబ్బరు వలయానికి కొత్త ఆయిల్ పూసి, వలయం ఆనిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. దాన్ని గొలుసు పానాతో బిగించినవాడు రెండు సెకన్ల పని చేసి వెళ్లిపోయాడు. ఆ రెండు సెకన్లను విప్పడానికి మీకు రోజంతా చాలలేదు. షెడ్డు కుర్రాడికి ఈ బాధ ఎందుకు ఉండదంటే, విప్పేటప్పుడు కూడా అతని చేతిలో అదే గన్ను, అదే గొలుసు ఉంటాయి. రెండోసారి మీరు అదే ఫిల్టరును విప్పినప్పుడు అది మీ చేతి బిగింపే అవుతుంది, చేత్తోనే వస్తుంది. నా పాత కారుకు మొదటిసారి బ్రేకు ప్యాడ్లు మార్చడానికి ఆరు గంటలు పట్టింది, మూడోసారికి గంటంబావు. నేను ఆ మధ్యలో కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు, బోల్టులే మారాయి.

బిగింపు తరువాత పెద్ద శత్రువు తుప్పు, అందులోనూ మన ప్రాంతపు తుప్పు. మాకు గోపాల్‌పూర్ సముద్రం దగ్గర కావడం వల్ల గాలిలో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. ఉక్కు బోల్టు అల్యూమినియం భాగంలో ఉన్నచోట ఈ ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటి చర్య మొదలై, అల్యూమినియం తెల్లని పొడిగా మారి మరల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా కారు పడిపోయిన చెట్టు కొమ్మల కింద కొన్ని రోజులు తడిసి ఉండిపోయింది. మరుసటి నెలలో క్యాలిపర్ పిన్నులు విప్పబోతే ఒకటి సగానికి విరిగింది. గజపతి జిల్లాలో మీకు సముద్రం దూరమే అయినా, వానాకాలంలో ఘాటు రోడ్డు దిగి వచ్చిన బండి అడుగున పట్టిన ఎర్ర బురద ఎండిపోయాక అదే పని చేస్తుంది, కాస్త నెమ్మదిగా. అందుచేత బ్రేకుల పని పెట్టుకున్నవారు రెండు రోజుల ముందే చక్రాల సందుల్లో నీళ్లు కొట్టించి ఆ మట్టి వదిలించడం మంచిది.

తుప్పుకు మందు ఓపిక, నూనె, వేడి, చిన్న దెబ్బలు. మందు వేయగానే పని చేస్తుందనుకోవడం పొరపాటు. చాలామంది ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 పేరులో డబ్ల్యూ, డీ అన్న అక్షరాలకు నీటిని తొలగించేదని అర్థం, 40 అంటే ఆ మిశ్రమం కోసం చేసిన నలభయ్యవ ప్రయత్నం. తడిని తరమడంలో అది గట్టిదే గాని, బిగుసుకుపోయిన మరలోకి చొరబడటానికి ప్రత్యేకంగా చేసిన నూనెలు వేరే ఉంటాయి. ఏది వాడినా ముందురోజు సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఉదయం ఒకసారి వేయాలి. తరువాత బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే దిశలో తిప్పి, అప్పుడు విప్పండి. కొద్దిగా కదిలిన బోల్టును ఆనందంతో ఒకే ఊపున లాగేయకుండా, పావు చుట్టు విప్పి, నూనె వేసి, తిరిగి లోపలికి తిప్పి, మళ్లీ విప్పడం అవసరం. విరిగే బోల్టుల్లో చాలా భాగం అసలు కదలనివి కావు, కదిలాక తొందరపడినవి. బ్రేకు డిస్కు మీద గాని, ప్యాడ్ల మీద గాని ఈ నూనె చుక్క పడకూడదన్నది మాత్రం మరువకండి.

ఇప్పుడు బోల్టు తల ఎందుకు అరిగిందో చెబుతాను. మీరు పన్నెండు మూలల రింగు పానా వాడి ఉంటారు. అది ఏ కోణంలోనైనా చప్పున ఎక్కుతుంది కాబట్టి చేతికి హాయిగా ఉంటుంది, కాని బోల్టు తలను మూలల కొసల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్టు చదునైన పక్కల మీద ఒత్తుతుంది. తుప్పు పట్టి కొలత తగ్గిన బోల్టు మీద ఈ తేడాయే జయాపజయాలను నిర్ణయిస్తుంది. అలాగే జపాను మూలాలున్న కార్లలో, ముఖ్యంగా పాతవాటిలో, నక్షత్రంలా కనిపించే స్క్రూలకు మనం వాడే మామూలు స్టార్ స్క్రూడ్రైవరు సరిగ్గా కూర్చోదు. ఆ దేశపు ప్రమాణంలో మొన కాస్త మొద్దుగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత స్క్రూలు గుంటలు పడి కనిపిస్తే ఎన్నో చేతులు తప్పు మొనతో తిప్పిన ఫలితం అది. ఇంటి పనికి వంద పానాల పెట్టె అక్కరలేదు. 8 నుంచి 19 వరకు ఆరు మూలల సాకెట్లు, వాటిని తిప్పే ఒక రాచెట్, ఒక పొడవాటి కడ్డీ, ఒక టార్క్ రెంచి, ఫిల్టరుకు పట్టీ పానా, రెండు స్టాండ్లు ఉంటే చాలు. పదో నంబరు సాకెట్టు మాత్రం రెండు కొనండి. అది ఎలాగూ పోతుంది, ఎక్కడికి పోతుందో ముప్ఫై ఏళ్లుగా నాకూ తెలియలేదు.

విసుగు మనిషి చేత ఏం చేయిస్తుందో నా అనుభవంలో నుంచి ఒకటి చెబుతాను. ఒకప్పుడు మే నెల మధ్యాహ్నం, నీడ లేని చోట, చెమట కళ్లలోకి కారుతుండగా స్పార్కు ప్లగ్గులు మారుస్తున్నాను. మూడు సవ్యంగా పట్టాయి. నాలుగోది రెండు చుట్ల తరువాత బిగుసుకుంది. చేతిలో పానా ఉంది, మనసులో ఇంటికి పోవాలన్న ఆత్రం ఉంది, కాబట్టి పానాతో తిప్పాను. ప్లగ్గు ఉక్కుది, ఇంజన్ తల అల్యూమినియం. అడ్డంగా ఎక్కిన ప్లగ్గు తనకు కావలసిన కొత్త మరను తానే కోసుకుంటూ పోయింది. తల విప్పించి, ఆ రంధ్రానికి ఉక్కు తీగ చుట్ట వేయించి, మళ్లీ మర కట్టించేసరికి వారం పట్టింది. అప్పటి నుంచి ప్లగ్గు పైకొనకు జానెడు పెట్రోలు గొట్టం తొడిగి, ఆ గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ దింపుతాను. మర సూటిగా పడితే ప్లగ్గు దిగుతుంది, అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది గాని ఇంజన్ తల చెడదు. చివరివరకు అలా దిగిన కొత్త ప్లగ్గుకు, వాషరు ఉన్న రకమైతే, పానాతో సుమారు అర చుట్టు చాలు. నేర్పేవాడే ఇలా చేశాడంటే నమ్మరని ఈ కథ తరగతిలో చాలాకాలం చెప్పలేదు.

మీ ఆదివారంలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించినది అరిగిన బోల్టు కాదు, స్క్రూడ్రైవరు దిగగొట్టిన ఆ క్షణం. అంతవరకు మీకు వెనక్కి దారి ఉంది. ఫిల్టరు రాకపోయినా దింపే బోల్టు బిగించి, పాత ఫిల్టరుతోనే కొత్త ఆయిల్ పోసుకుని, సోమవారం ఏదో ఒక షెడ్డుకు నడుపుకుంటూ వెళ్లి ఆ ఫిల్టరు విప్పించుకోగలిగేవారు. రేకుకు చిల్లు పడగానే ఆ దారి మూసుకుపోయి, అప్పటి నుంచి మీరు చేసిన ప్రతిదీ తప్పనిసరై చేసినదే. ఇంటి పనిలో కోపం పుట్టేది కష్టం వల్ల కాదు, వెనక్కి పోలేనని తెలిసినందువల్ల. అందుకే మొండిగా ఉండే అవకాశమున్న భాగాన్ని, బండి ఇంకా నడిచే స్థితిలో ఉండగానే కదిపి చూసుకోవాలి. శనివారం సాయంత్రం చక్రాల నట్లు, క్యాలిపర్ బోల్టులు ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి, కదిలాయని రూఢి చేసుకుని, మళ్లీ సరైన కొలతకు బిగించండి. ఏదైనా మొరాయిస్తే ఆదివారం ఆ పని ముట్టుకోవద్దు. గేరుబాక్సు ఆయిల్ మార్చేవారు దింపే బోల్టు కంటే ముందు నింపే బోల్టు విప్పి చూడాలన్న పాత నియమం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. దింపేశాక నింపే బోల్టు రాకపోతే బండి కదలదు.

ఆదివారం అనడంలోనే మరో ఇబ్బంది ఉంది. ఆ రోజు మీ ఊళ్లో విడిభాగాల దుకాణం మూసి ఉంటే, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లినా, బస్సెక్కి టెక్కలి వెళ్లినా సరైన ఫిల్టరు దొరుకుతుందన్న హామీ లేదు. ఒకే పేరుతో, ఒకే సంవత్సరంలో వచ్చిన కారుకు రెండు రకాల ఇంజన్లు, రెండు రకాల ప్యాడ్లు ఉండటం సర్వసాధారణం కాబట్టి, మోడలు పేరు చెప్పి కొన్న వస్తువు సరిపడకపోవడంలో దుకాణదారు తప్పు ఎప్పుడూ ఉండదు. బండి మీద ఉండే 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరును ఫోటో తీసి చూపించి, దాని ప్రకారం పార్టు నంబరు తెలుసుకుని కొనండి. దింపే బోల్టుకు వేసే మెత్తని లోహపు వాషరును ప్రతిసారీ కొత్తది వేయాలి. దాన్ని కొనడం మరిచి, పాతదానితో కారుతున్న బోల్టును "ఆఉ టికే" అంటూ బిగించడం దగ్గరే చాలా మరలు చచ్చిపోతాయి. ప్లాస్టిక్ క్లిప్పులు పదేళ్ల ఎండకు బిస్కెట్లలా విరుగుతాయి, కాబట్టి ఓ డజను ముందే తెచ్చుకోండి. అన్నీ చాప మీద పరిచి ఎదురుగా కనిపించేదాకా ఒక్క బోల్టు కూడా విప్పవద్దు.

ఇంకో చిన్న సంగతి, చెబితే నవ్వొస్తుంది గాని ఎందరో పడ్డ గుంట. కారు కింద వెల్లకిలా పడుకుని గాని, తల కిందుగా ఉన్న ఫిల్టరును పైనుంచి చేయి పెట్టి గాని తిప్పేటప్పుడు ఏది అపసవ్యమో బుర్రకు అందదు. బిగిస్తున్నామో విప్పుతున్నామో తెలియకుండా అరగంట బిగించినవాళ్లను నేను చూశాను. విప్పదలచిన బోల్టు తలకు, ఫిల్టరు అడుగుకు ఎదురుగా మీ ముఖం ఉన్నట్టు ఊహించుకుని, ఆ చూపులో గడియారానికి వ్యతిరేక దిశ ఏదో తేల్చుకుని, సుద్దముక్కతో బాణం గుర్తు గీసుకోండి.

డబ్బు ఆదా కోసమైతే ఈ పని మొదలుపెట్టవద్దని నేను ఎవరికైనా చెబుతాను. మొదటి రెండేళ్లు పానాల ఖర్చు కూలీ కంటే ఎక్కువే అవుతుంది. తన కారులో ఏది ఎంత బిగించి ఉందో, ఏ నూనె పడిందో తనకు తెలియాలనుకునేవారికి మాత్రమే ఇది లాభం. ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు, వైపర్లు, బ్యాటరీ కొనల శుభ్రత, ఆయిల్, ఫిల్టరు, ప్లగ్గులు, ఆపైన ధైర్యం వచ్చాక బ్రేకు ప్యాడ్లు ఇంటి పనులే. బ్యాటరీ తీసేటప్పుడు ముందు మైనస్ కొన విప్పాలి, పెట్టేటప్పుడు దాన్ని చివర బిగించాలి. బ్రేకు నూనె మార్చడం నేను కొత్తవారికి సిఫారసు చేయను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు నూనెకు పొడిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల మరుగు స్థానం ఉండాలని ప్రమాణం, తేమ చేరినప్పుడు 155 అయినా ఉండాలి. రెండేళ్లకొకసారి మార్చడం అవసరమే, కాని గాలి బుడగ మిగిలితే తప్తపాణి ఘాటు దిగేటప్పుడు తెలుస్తుంది, అది తెలుసుకోవలసిన చోటు కాదు. కొత్త డీజిల్ ఇంజన్ల ఇంధన గొట్టాల జోలికి అసలు పోవద్దు. వాటిలో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ల దాకా ఉంటుంది, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఎయిర్‌బ్యాగు తీగలు, టైమింగ్ బెల్టు కూడా షెడ్డుకే వదలండి.

దింపిన పాత ఆయిల్‌ను ఏం చేశారో మీరు రాయలేదు. మన పల్లెల్లో దూలాలకు చెద పట్టకుండా దాన్ని పూసే అలవాటు ఇంకా ఉంది. అందులో ఇంజన్ అరుగుదల లోహపు పొడి, మండిన ఇంధనపు మసి కలిసి ఉంటాయి కాబట్టి పశువుల పాకకు, ధాన్యం గాదెకు పూయడం మంచిది కాదు, మురుగు కాలువలో పోయడం అంతకంటే చెడ్డది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే దాన్ని వంచి మూత బిగించి, పాత ఆయిల్ పోగుచేసే షెడ్డుకు ఇవ్వండి. సాధారణంగా కాదనరు.

ఇక వచ్చే ఆదివారం చేయవలసినది ఫిల్టరు పని ఒక్కటే. నాలుగు పనులు ఒకే రోజుకు పెట్టుకోవడం కూడా మీ విసుగులో పావు వంతు. తెల్లవారుజామున చల్లగా ఉండగానే మొదలుపెట్టండి, ఆ మరునాడు ప్రయాణం ఏదీ లేకుండా చూసుకోండి. పళ్లెం వచ్చాక కొత్త ఫిల్టరు చేత్తో బిగించి, దింపే బోల్టుకు కొత్త వాషరు వేసి టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న కొలతకు బిగించండి. చిన్న పెట్రోలు కార్లకు మూడు నుంచి నాలుగు లీటర్ల మధ్య పడుతుంది కాబట్టి అర లీటరు తక్కువ పోసి, ఇంజన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, ఐదు నిమిషాల తరువాత కొలపుల్లలో చూసి మిగతాది పోయండి. ఆ ఒక నిమిషంలో కిందికి వంగి ఫిల్టరు అంచు, బోల్టు అంచు చూడాలి. బిగించిన తేదీ, కిలోమీటర్లు, బిగించిన కొలత ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, రెండోసారి విప్పేటప్పుడు మీకు అదే ఆధారం. బ్రేకు ప్యాడ్లు మరో ఆదివారానికి ఉంచండి. అవి మార్చేటప్పుడు క్యాలిపర్ పిస్టన్‌ను లోపలికి నెట్టే ముందు పైన బ్రేకు నూనె డబ్బా మూత తీసి, పొంగితే అద్దడానికి గుడ్డ దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే ఆ నూనె పడిన చోట రంగు లేచిపోతుంది. చక్రం బిగించి కారు దింపిన తరువాత, ఇంజన్ స్టార్టు చేసినా గేరు మాత్రం వేయకుండా, పెడలు గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నెమ్మదిగా తొక్కండి. మొదటి రెండు తొక్కుళ్లకు అది నేలకు ఆనుతుంది, కంగారు పడవద్దు.